బందరు చూచి వద్దాము



సెలవులు దగ్గరకు వచ్చినప్పుడు మన సంఘస్తులు మమ్మును అడిగే మాట ఒకటున్నది: "అయ్యగారూ, పిల్లలు సముద్రము చూడలేదు. తక్కువ ఖర్చులో ఎక్కడికి తీసుకపోవచ్చు?" సుల్తాన్‌పూర్, పటాన్‌చెరు ప్రాంతములో షిఫ్టు డ్యూటీలు చేసుకొనే కుటుంబములకు రెండు రోజుల సెలవు కలిసి రావడమే కష్టము. అట్టివారికి మేము చెప్పే ఊరు బందరు, అనగా మచిలీపట్నము. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి అక్కడ దిగవచ్చు.

సముద్రము ఊరిని ఆనుకొని ఉండదు. సుమారు 11 కిలోమీటర్ల దూరములో మంగినపూడి తీరమున్నది. అక్కడ ఇసుకకంటె నల్లమట్టి ఎక్కువ. చాలా దూరము లోతు తక్కువగా ఉండుటవలన పిల్లలు ధైర్యముగా దిగుతారు. ఆ ధైర్యమే ప్రమాదము. మనము చెరువు నీళ్లు ఎరిగినవారము. అలలు కాళ్ల క్రింది మట్టిని లాగివేయుట ఎరుగము. పిల్లల చెయ్యి విడువవద్దు. మోకాటి లోతు దాటవద్దు. మత్స్యకారులు వద్దంటే వినండి.

సముద్రపు బలమెంతో ఆ ఊరికి తెలుసు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో లేచిన ఉప్పెన పట్టణముమీదికి వచ్చినది. ఆ ప్రాంతములో సుమారు 30,000 మంది చనిపోయారని చెబుతారు.

అంతకు ముందు బందరు గొప్ప ఓడరేవు. మన గోల్కొండ రాజ్యానికి అదే సముద్ర ద్వారము. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషు కంపెనీవారు వచ్చి అక్కడ వర్తకము పెట్టారు. డచ్చివారి సమాధుల తోటలో చెక్కిన రాళ్లు నేటికీ ఉన్నవి. పిల్లలను అక్కడ కాసేపు నిలువబెట్టండి. కంపెనీలు పోయినవి, పేర్లు రాతిమీద మిగిలినవి.

అయితే ఆ వర్తకులు కోరి వచ్చిన అద్దకపు పని పోలేదు. దగ్గరలోని పెడనలో కలంకారీ పనివారు చెక్క అచ్చులతో బట్టలపై పువ్వులు, తీగెలు అద్దుతారు. బట్టను కరక్కాయ నీటిలో నానబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరబెట్టి నల్లరంగు తీస్తారు. అడిగితే పని చూపిస్తారు. చూచి ఊరక రాకుండ ఒక దుప్పటియైనా కొనండి.

ఇక నోబుల్ కళాశాల. రాబర్టు నోబుల్ గారు 1841లో ఇంగ్లండునుండి బందరుకు వచ్చి, 1843లో బడి తెరిచారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా, కోపగించిన తలిదండ్రులు తమ పిల్లలను మాన్పించారు. బడి ఖాళీ అయినది. ఆయన విడిచిపెట్టక మరల నడిపించారు. స్వదేశము తిరిగి వెళ్లకుండానే 1865లో ఆ ఊరిలోనే కన్నుమూశారు.

మరియొక సంగతి కూడ పిల్లలకు దాచకుండ చెప్పాలి. అగ్రకులములవారిని రాబట్టవలెనని నోబుల్ గారు మాల, మాదిగ బిడ్డలను ఆ బడిలో చేర్చుకోలేదు. క్రీస్తు పేరిట తెరిచిన తలుపు మన తాతలకు మూసియున్నది. నేడు ఆ తలుపు అందరికీ తెరిచియున్నది. ఊరక తెరుచుకొనలేదు, చదువుకొరకు ఎందరో కష్టపడినందున తెరుచుకొన్నది.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, మన ప్రాంతములో పదవ తరగతి కాగానే పిల్లవాణ్ణి కంపెనీలో పెట్టించే తలిదండ్రులున్నారు. చేతికి నాలుగు డబ్బులు వస్తాయనుట నిజమే. సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు వచ్చిన తరువాత గేటు బయట మూటలు మోసే పనికీ, లోపల మిషను నడిపే పనికీ నడుమ ఉన్న తేడా చదువేనని మీరే చూస్తున్నారు. మన తాతలకు దొరకని దానిని మన చేతులతో మనమే మాన్పించవచ్చునా? కళాశాల ఎదుట నిలిచి, "నీవు ఏమి చదువుతావు బిడ్డా?" అని ఒక్క మాట అడగండి. ఆడపిల్లనూ అడగండి.

తిరుగు ప్రయాణములో బందరు లడ్డు మరువకండి. నేతితో దంచి చేసే ఆ తొక్కుడు లడ్డు నాలుగు రోజులు నిలువ ఉంటుంది. ఇంటి దగ్గర ఉన్న అవ్వకు కూడ ఒకటి తెండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.