గాలిలో గంట, నేల మీద నాలుగు గంటలు

తిరుపతి, విజయవాడ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గంలో దూరం దాదాపు 350 కిలోమీటర్లు. ఏటీఆర్-72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఆ లెక్కన ముప్పావు గంట కూడా పట్టకూడదు. అయినా ప్రయాణ సమయం గంటకు అటూ ఇటూ ఉంటుంది. విమానం రన్‌వే దాకా మెల్లగా కదలాలి, పైకెక్కాలి, దిగేటప్పుడు వరుసలో తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఈ సమయం దూరంతో పాటు తగ్గేది కాదు. అందుకే దూరం సగమైనా సమయం సగం కాదు.

ఈ గంటను కలికిరి లాంటి ఊరి నుంచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పీలేరు మీదుగా భాకరాపేట ఘాట్ దిగి రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం చేరడానికి రెండు గంటలు. విమానానికి గంటన్నర ముందే అక్కడ ఉండాలి. గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయంలో దిగాక ఊళ్లోకి మరో ముప్పావు గంట. అంతా కలిపితే అయిదు గంటల పైమాటే, అందులో గాల్లో గడిచేది ఒక్క గంట.

కలికిరి చుట్టూ విమానాశ్రయాలకు కొదవలేదు. ఆకాశమార్గంలో తిరుపతి 80, కడప దాదాపు 100, బెంగళూరు దాదాపు 130 కిలోమీటర్లు. మదనపల్లె, పుంగనూరు అయితే తిరుపతి కంటే బెంగళూరుకే దగ్గర. రాయచోటి, పీలేరు వైపు నుంచి కువైట్ బయల్దేరే కూలీ, తాడుతో బిగించి మార్కర్‌తో పేరు రాసిన అట్టపెట్టెతో విమానాశ్రయానికి కారు బాడుగకు మాట్లాడుకుంటాడు. ఆ ప్రయాణంలో విమానం టిక్కెట్టు తర్వాత అతనికి పెద్ద ఖర్చు ఆ బాడుగే.

ఇక కుప్పం. అక్కడ విమానాశ్రయానికి 2019 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు శంకుస్థాపన చేశారు. 2024 తర్వాత ప్రతిపాదన మళ్లీ కదిలింది. కానీ బెంగళూరు విమానాశ్రయం కుప్పానికి ఆకాశమార్గంలో 90 కిలోమీటర్ల లోపే. 2008 మేలో అది తెరుచుకున్న నాటి నుంచి పాతికేళ్లపాటు, అంటే 2033 దాకా, 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయం రాకూడదని ఆ విమానాశ్రయ ఒప్పందంలో ఉంది. మైసూరు, హాసన్‌లకే మినహాయింపు. హోసూరులో కట్టదలచిన తమిళనాడుకూ ఇదే ముడి అడ్డుపడుతోంది.

ముడి విప్పినంత మాత్రాన విమానం నిలబడుతుందా? కడపనే చూడండి. అక్కడి విమానాశ్రయం 2015 జూన్‌లో మొదలైంది. తొలి సర్వీసు బెంగళూరుకే, దూరం 185 కిలోమీటర్లు. ఆ సర్వీసు నడిపిన ఎయిర్ పెగాసస్ ఆర్థిక ఇబ్బందులతో మరుసటి ఏడాదే మూతపడింది. ఉడాన్ పథకం కింద 2017లో హైదరాబాద్ సర్వీసు తెచ్చిన ట్రూజెట్ కూడా నిలవలేదు. 2022లో ఇండిగో వచ్చింది, అదీ రాష్ట్ర ప్రభుత్వం నష్టం భర్తీ చేస్తానంటేనే. ఇంత తక్కువ దూరాలకు కారూ బస్సూ పోటీకి నిలుస్తాయి, కుప్పానికీ ఆ పరీక్ష తప్పదు.

కాబట్టి కుప్పం సాధ్యాసాధ్యాల నివేదికలో రన్‌వే పొడవుతో పాటు ఇంటి గడప నుంచి విమానం సీటు దాకా పట్టే సమయాన్నీ లెక్కగట్టాలి. ఆ సమయం తగ్గించడానికి ఒప్పందాలేవీ అడ్డురావు. కర్ణాటక ఆర్టీసీ బెంగళూరు విమానాశ్రయం నుంచి మైసూరుకు ఫ్లైబస్ నడుపుతోంది. ఏపీఎస్‌ఆర్టీసీ కూడా మదనపల్లె నుంచి చింతామణి మీదుగా బెంగళూరు విమానాశ్రయానికి, కలికిరి నుంచి రేణిగుంటకు, సామాన్లకు చోటుండేలా, విమాన వేళలకు సరిపోయేలా బస్సులు నడపాలి. కుప్పం సంగతి తేలేదాకా ఆ పని ఆగనక్కర్లేదు.