చెట్ల మధ్య ఉయ్యాల... చలికి ఇంటి ముసుగు

చలికాలం వచ్చిందంటే మనం రగ్గు ముసుగుతన్ని పడుకుంటాం. అమెరికాలో కొందరికి సరిగ్గా అప్పుడే అడవి మీదికి మనసు పోతుంది. వీపున ఓ సంచి తగిలించుకుని కొండ ఎక్కేస్తారు. నేల మీద గుడారం వేయరు. గట్టిగా ఉన్న రెండు చెట్లు చూసుకుని, వాటి మధ్య గుడ్డ ఉయ్యాల కట్టుకుని, చుట్టూ మంచు కురుస్తుంటే అందులో హాయిగా నిద్రపోతారు! దీన్నే హ్యామక్ క్యాంపింగ్ అంటారు. రాళ్లు గుచ్చుకోవు, నేల చెమ్మ తగలదు, ఏటవాలు కొండ మీద కూడా పడక సమంగా ఉంటుంది. అలవాటు పడినవాళ్లలో చాలామంది మళ్లీ గుడారం జోలికి పోరు.

నిజానికి ఇది వేడి దేశాల పడక. 1492లో కొలంబస్ కరీబియన్ దీవుల్లో దిగినప్పుడు అక్కడి టైనో ప్రజలు నూలు వలల్లో పడుకోవడం చూశాడు. వాళ్ల ‘హమాకా’యే ఇంగ్లిషులో హ్యామక్ అయింది. అన్ని వైపులా గాలి ఆడే పడక, ఉక్కపోసే దీవులకు అంతకంటే ఏం కావాలి? మంచు పడే కొండ మీద మాత్రం ఆ గాలే ప్రాణం మీదికి తెస్తుంది.

మందపాటి స్లీపింగ్ బ్యాగులో దూరితే సరిపోదా అంటే, సరిపోదు. బొంత వెచ్చగా ఉండేది దాని పొరల్లో గాలి నిలిచి ఉండటం వల్ల. ఉయ్యాలలో పడుకోగానే వీపు కింది భాగం ఒంటి బరువుకు అణిగిపోతుంది. అందులో గాలి ఉండదు, వెచ్చదనమూ ఉండదు. కింది నుంచేమో ఈదురుగాలి. అందుకే వీళ్లు ఇంకో బొంతను ఉయ్యాల లోపల కాక బయట, అడుగున వేలాడదీస్తారు. మనిషి బరువు దాని మీద పడదు కాబట్టి అది పొంగి ఉంటుంది. పైన వానకూ మంచుకూ టార్పాలిన్ ఎలాగూ కడతారు.

ఇక మిగిలింది పక్కల నుంచి కొట్టే గాలి. 2001 నుంచి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు వాడుతున్న లెక్క ప్రకారం సున్నా డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి అది దాదాపు మైనస్ 6లా తగులుతుంది. దానికి విరుగుడే ఉయ్యాలను, అడుగు బొంతను కలిపి చుట్టేసే పొడవాటి తొడుగు. మేజోడులా ఉంటుందని దాన్ని ‘సాక్’ అంటారు. దుకాణాల్లోనూ దొరుకుతుంది. కానీ ఈ సరదా ఉన్నవాళ్లలో చాలామందికి ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని సొంతంగా కుట్టుకోవడంలోనే మజా.

ఆ దేశంలో ఈ అలవాటు పాతదే. జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల మీదుగా సాగే అపలాచియన్ కాలిబాటను 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే పెద్దావిడ ఒంటరిగా నడిచేసింది. అప్పటికి ఆమె వయసు 67. పదకొండుమంది పిల్లల తల్లి! భుజాన వేసుకున్న సంచి తనే కుట్టుకుంది. వాన వస్తే కప్పుకోవడానికి వెంట తీసుకెళ్లింది ఏమిటో తెలుసా... స్నానాలగదిలో కట్టే ప్లాస్టిక్ పరదా. అయితే ఆవిడ నడిచింది మే నుంచి సెప్టెంబరు దాకా. చలికాలంలో అదే పరదాను ఒంటి చుట్టూ బిగించుకుంటే కథ వేరేగా ఉంటుంది.

ఆ బాట దక్షిణపు కొస అట్లాంటాకు కారులో సుమారు రెండు గంటల దూరం. అక్కడ మన తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ‘ఈ వారాంతం మంచులో ఉయ్యాల కట్టుకుని పడుకుంటున్నాం’ అని అబ్బాయో అమ్మాయో ఫోన్లో చెబితే ఇక్కడ అమ్మానాన్నల గుండె గుభేల్‌మనడం సహజం. వద్దంటే వింటారా? దానికంటే ఒక ప్రశ్న అడగడం మేలు: ‘ముసుగు దేంతో కుట్టావు?’

అసలు కిటుకంతా అక్కడే ఉంది. చుక్క నీరు దూరని ప్లాస్టిక్ అయితే భద్రం కదా అనిపిస్తుంది. కానీ మనిషి ఊపిరితో, చర్మం మీది నుంచి రాత్రంతా ఆవిరి వదులుతూనే ఉంటాడు. తెల్లారేసరికి అది టీ గ్లాసుడు నీటికి తక్కువ కాదు. బయటకు పోయే దారి లేకపోతే ఆ ఆవిరి చల్లటి ప్లాస్టిక్‌కు తగిలి నీరవుతుంది, చలి మరీ ఎక్కువైతే లోపలే మంచుపొడిగా పేరుకుంటుంది. ధాన్యం రాశి మీద పట్టా కప్పిన రైతుకు ఇది చెప్పక్కర్లేదు. రాత్రి వాన చుక్క పడకపోయినా పొద్దున పట్టా లోపలంతా బొట్లు బొట్లుగా చెమ్మ. లంబసింగి చలిలో గుడారం వేసుకుని పడుకున్నవాళ్లకూ అనుభవమే.

ఆ నీళ్లు బొంత మీద కారితే ఏమవుతుంది? ఈ బొంతల్లో చాలావాటికి నింపేది బాతు నూగు. తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే దిగజారితే అది హైపోథెర్మియా. ముందు వణుకు, తర్వాత మాట తడబడటం, ఆపైన మతి సరిగ్గా పనిచేయకపోవడం. తనకు ప్రమాదం ముంచుకొస్తోందన్న సంగతి ఆ మనిషికే తెలియదు.

కాబట్టి ముసుగు గాలిని ఆపాలి, ఆవిరిని పోనివ్వాలి. పూత లేని రిప్‌స్టాప్ నైలాన్ ఇందుకు బాగా పనికొస్తుంది. చిన్న చిన్న గళ్లుగా గట్టి దారాలు నేసి ఉంటాయి, ఓ చోట చిరిగినా చిరుగు పాకదు. ఇళ్ల గోడలకు చుట్టే టైవెక్‌తో కుట్టుకునేవాళ్లూ ఉన్నారు. కాస్త గరగరలాడుతుందంతే. కొన్న గుడ్డ సంగతి తేల్చుకోవాలంటే పొగలు కక్కే టీ గ్లాసు మీద దాన్ని కప్పి, పైన ఓ చల్లటి అద్దం పట్టుకోవాలి. అద్దం మసకబారితే గుడ్డ పనికొస్తుంది. వాన సంగతి టార్పాలిన్ చూసుకుంటుంది, ఆ పని ముసుగుకు అప్పగించకూడదు.

ఇక కుట్టడం. మామూలుగా ఉయ్యాల 3.3 మీటర్ల పొడవుంటుంది. దాని పైన ఈ కొస నుంచి ఆ కొసకు 2.75 మీటర్ల తాడు బిగువుగా కడతారు, ముసుగు వేలాడేది దాని మీదే. ఉయ్యాల పొడవున 1.5 మీటర్ల పన్నా ఉన్న గుడ్డలు రెండు తీసుకుని నిలువునా కలిపి కుడితే గొట్టంలా వస్తుంది. చదరపు మీటరుకు 37 గ్రాములు తూగే గుడ్డయితే జిప్పు, నాడాలతో కలిపి మొత్తం బరువు 400 గ్రాములకు కాస్త అటూ ఇటూ. అయితే గుడ్డ కత్తిరించే ముందే చుట్టుకొలత చూసుకోవాలి. ఉయ్యాలలో మనిషి పడుకుని ఉండగా, అడుగు బొంతతో సహా, ఇంకొకరు టేపు పట్టాలి. ఖాళీ ఉయ్యాలను కొలిచి కుడితే ముసుగు బిగుసుకుని బొంతను నొక్కేస్తుంది. అంత కష్టమూ వృథా!

రెండు కొసల్లోనూ లంగాకు నాడా ఎక్కించే మడతలాంటిది కుట్టి తాడు దూర్చాలి. నైలాన్ అంచులు దారాలు లేస్తాయి, జీన్స్ ప్యాంటు పక్కన కనిపించే మడతకుట్టు వేస్తే ఆ బెడద ఉండదు. సన్న సూది, పాలిస్టర్ దారం వాడాలి. గుండుసూదులు గుచ్చితే చిల్లులు మిగిలిపోతాయి కాబట్టి బట్టల క్లిప్పులతో పట్టి ఉంచడం మంచిది. ఒక పక్క తల దగ్గర్నుంచి నడుము దాకా జిప్పు కావాలి, అదీ లోపలి నుంచి కూడా తీసేలా. చీకట్లో, వణికే చేతులతో తెరవాల్సి వస్తుందని గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది ముఖానికి ఎదురుగా ఉండే కిటికీ. నోటుబుక్కంత జాగాలో దోమతెర గుడ్డ కుట్టి, పైన ఓ రెప్ప వేలాడదీయాలి. చలేస్తోందని దాన్ని పూర్తిగా మూసేసుకున్నా, బొంతలో తల దూర్చి ఊపిరి వదిలినా మళ్లీ చెమ్మ తప్పదు. చెవులు కప్పే ఉన్ని టోపీ పెట్టుకుని ముఖం మాత్రం బయట ఉంచుకోవాలి. లోపల స్టవ్వు, కొవ్వొత్తి వెలిగించడం మాట తలపెట్టనే కూడదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నైలాన్‌కు నిప్పంటితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

కొత్త ముసుగుతో మొదటి రాత్రి ఇంటి పెరట్లోనే గడపాలి. తేడా వస్తే తలుపు తీసుకుని లోపలికొచ్చేయొచ్చు. ఉయ్యాల పట్టీలు కనీసం అంగుళం వెడల్పుంటే చెట్టు బెరడు కోసుకుపోదు. తెల్లారాక ముసుగు లోపల తెల్లగా మంచుపొడి కనిపిస్తే ఎండ తగలకముందే విప్పి బయట దులిపేయాలి. కరిగిందంటే అంతా బొంత మీదే పడుతుంది.