ఉమ్మనీటి పరీక్ష అయ్యాక ఆ రెండు రోజులు

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

గర్భిణికి 15 వారాలు నిండాక, స్కానింగ్‌లో చూస్తూ సన్నని సూదితో పరీక్ష కోసం ఉమ్మనీరు తీస్తారు. ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. కష్టమంతా తర్వాతే. పొత్తికడుపు పట్టుకుని, కిక్కిరిసిన బస్సులో నిలబడి ఊరు చేరిన మనిషి మర్నాడు పొద్దున్నే బిందె ఎత్తుతుంది, నాట్లకు పోతుంది. రోజుల తరబడి మంచం పట్టక్కర్లేదు, నిజమే. కానీ ఒకటి రెండు రోజులు బరువులెత్తొద్దని ఇంట్లోవాళ్లకు ఎవరు చెప్పాలి? నీరు కారినా, రక్తం కనబడినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రమ్మని తెలుగులో అచ్చేసిన చీటీ ఆమె చేతిలో పెట్టించండి. నెగెటివ్ గ్రూపు తల్లులకు యాంటీ-డి ఇంజెక్షన్ తప్పిపోకుండా చూడండి. ఫలితం వచ్చేదాకా ఎలాగూ దిగులే. దానికి కూలి దిగులు తోడవకుండా, ఆ రెండు రోజుల కూలి డబ్బు ప్రభుత్వమే ఇవ్వాలి. దూరపు ఊళ్ల వాళ్లకు పరీక్ష జరిగిన రాత్రికి ఆసుపత్రిలోనే మంచం ఇప్పించండి.

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త