ఆడుకునే జాగ అడుక్కునేది కాదు

వాడల బువ్వకే తండ్లాట ఉంటే పార్కులేంది, ఆట జాగలేంది అని అడిగేవాళ్ళున్నరు. ఊరి పెద్దమనుషులే కాదు, మనోళ్ళలోనూ కొందరు అంటరు. భూమి సంగతి, కూలి సంగతి, అత్యాచారాల సంగతి పక్కనపెట్టి మన పత్రిక ఆటల మీద సంపాదకీయం రాయాల్నా అంటరు. రాయాలె. ఎందుకంటే ఇదీ భూమి సంగతే, కొలువు సంగతే. ఊర్లో ఎవరు ఎక్కడ నిలబడొచ్చు, ఎవరు ఎక్కడ కూసోవచ్చు అన్న సంగతే. ఈ కుల సమాజం మనకు రెండు జాగలే చూపెట్టింది. ఉండనీకి ఊరవతల వాడ, చెయ్యనీకి ఊరోళ్ళ పొలం. పని లేని పొద్దు నలుగురితో సమానంగా కూసునే జాగ మనకు ఎన్నడూ చూపెట్టలేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను నరికి చంపిన్రు. ఆ పగ మొదలైంది పొలం గట్టు మీద కాదు, సినిమా హాల్లో. దళిత యువకుని కాలు అగ్రకులపోనికి తగిలిందన్నది సాకు. అంతకు ఆరేండ్ల ముందు, 1985 జూలై 17న కారంచేడులో జరిగిన మారణకాండకు ముందు గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు కాడ. టికెట్టు కొన్నా సరే, పక్క కుర్చీలో కూసుంటే సహించరు. నలుగురి చెరువును నలుగురిదే అంటే సహించరు. ఊరి నడుమ పార్కు కట్టి, గేటు తెరిచి, "అందరూ రండి" అని బోర్డు రాసినంత మాత్రాన మన పిల్లలు నిర్భయంగా లోపలికి పోతరని ఎట్ల నమ్ముదాం?

బాబాసాహెబ్ ఈ కిటుకును ముందే పట్టిండు. 1923లో బొంబాయి శాసనమండలి ఒక తీర్మానం చేసింది. సర్కారు పైసలతో కట్టిన చెరువులు, బావులు, సత్రాలు, బడులు, దవాఖానలు అంటరానివాళ్ళు కూడా వాడుకోవచ్చని దాని సారం. కాయితం కాయితంగనే పడి ఉన్నది. 1927 మార్చి 20న వేల మందితో నడిచిపోయి మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగినంక గాని ఆ కాయితానికి ప్రాణం రాలేదు. అదే హక్కు తర్వాత రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో చేరింది. సర్కారు పైసలతో నడిచే, లేదా జనం కోసం వదిలిన బావులు, చెరువులు, రోడ్లు, నలుగురు చేరే స్థలాలు కులం పేరు చెప్పి ఎవరికీ మూయొద్దని అది చెప్తది. పార్కు, ఆట జాగ అంటే నలుగురు చేరే స్థలమే గదా! అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చినయ్. ఊరందరి ఆస్తులను, బహిరంగ స్థలాలను మనం వాడుకోకుండా అడ్డుపడితే ఆ చట్టం కింద నేరమే.

ఆటలో కులం ఉండదని చెప్పేవాళ్ళకు పల్వంకర్ బాలూ పేరు చెప్పండి. చమార్ కులంలో పుట్టిన ఈయన పుణెలో దొరల క్లబ్బులకు పిచ్‌ ఊడ్చి, నెట్లు కట్టుకుంట బౌలింగ్ నేర్చిండు. 1911లో ఇంగ్లండుకు పోయిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీసిండు. అంత గొప్ప ఆటగాడు హిందూ జట్టుకు మాత్రం కెప్టెన్ కాలేకపోయిండు. గట్టిగ కొట్లాడితే 1923లో ఆయన తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యిండు. బాలూకు మైదానంలో కాలు పెట్టే దారి చీపురు పట్టుకున్నందుకు దొరికింది. మన పిల్లలకు ఆ దారి వద్దు. ఆడేటోళ్ళుగా, హక్కుదారులుగా పోవాలె.

ఇగ మన ప్రాంతం సంగతి. బసంత్‌నగర్ నుంచి రామగుండం, గోదావరిఖని దాక లెక్కపెట్టండి. బొగ్గు గనులు, సున్నపురాయి గని, సిమెంటు ఫ్యాక్టరీ, 2600 మెగావాట్ల ఎన్టీపీసీ, దాని పక్కన 1600 మెగావాట్ల కొత్త ప్లాంటు, ఎరువుల ఫ్యాక్టరీ. బసంత్‌నగర్ పక్కనే విమానాల కోసం వేసిన రన్‌వే ఉన్నది. ఏండ్ల తరబడి ఉట్టిగనే ఉన్నది. విమానానికి జాగ దొరికింది గాని వాడ పోరగాండ్ల కబడ్డీకి జాగ దొరకలేదు. కంపెనీల కాలనీల్లో పచ్చటి పార్కులు, ఉయ్యాలలు, ఆట మైదానాలు ఉన్నయ్. గోదావరిఖనిలో సింగరేణి స్టేడియమే ఉన్నది. అవి కార్మికులు పోరాడి, కష్టపడి సంపాదించుకున్న వసతులు. వాటిని మేము తప్పు పట్టం. కానీ అదే గని దుమ్ము పీల్చి, అదే లారీల మోత వినే పక్క ఊరి వాడకు ఏం వచ్చింది? ఓపెన్‌కాస్టులు వచ్చినకాడ చేన్లు, చెల్కలు, పశువుల బీళ్ళు పోయినయ్. వాటితో పాటు పిల్లలు చిర్రగోనె ఆడిన జాగలూ పోయినయ్. మట్టి గుట్టలు మిగిలినయ్.

కొలువు సంగతి అన్నం గదా, అదీ చూడండి. పోలీసు కానిస్టేబుల్ కావాల్నంటే మొగపిల్లలు 1600 మీటర్లు, ఆడపిల్లలు 800 మీటర్లు ఉరకాలె. లాంగ్ జంప్ దుంకాలె, గుండు విసరాలె. వాడ పిల్లలు ఎక్కడ ఉరుకుతరు? చీకటితోని లేచి రాజీవ్ రహదారి అంచున ఉరుకుతరు. పక్కనుంచి బొగ్గు లారీలు, సిమెంటు ట్యాంకర్లు. మొగపిల్లలు ప్రాణాలకు తెగించి ఉరుకుతరు. ఆడపిల్లను ఆ చీకట్ల ఆ రోడ్డు మీదికి ఏ తల్లి పంపుతది? పరీక్ష పాసై దేహదారుఢ్యం కాడ ఆగిపోయిన పిల్లను తెలివి తక్కువదని అనుకుంటం. ఆమెకు తక్కువైంది ఎకరం సాపు జాగ. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. మన వాడల్లో ఇట్లాంటి బిడ్డలు ఎంతమంది సాపు జాగ లేక మిగిలిపోయిన్రో ఎవరు లెక్కపెట్టిన్రు?

సర్కారు ఏమీ చెయ్యలేదని అనం. 2020లో పల్లె ప్రకృతి వనాలు వచ్చినయ్. 2022 జూన్ 2న తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలైనయ్. ఉపాధి హామీ పైసలతో ఊరూరికి వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులు, లాంగ్ జంప్ గుంత అన్నరు. తలపు మంచిదే. చానా ఊర్లల్ల ఇప్పుడు పోయి చూస్తే కనపడేది ఏంది? రంగు వెలిసిన బోర్డు, రెండు ఇనుప కంబాలు, నడుమ సర్కారు తుమ్మ, పల్లేరు కాయలు. కట్టనీకి పైసలుంటయ్, కాపాడనీకి ఉండవు. శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టే చెయ్యి గడ్డి పీకనీకి రాదు.

దీనికి ఇంకో కారణం ఉన్నది. 73, 74వ రాజ్యాంగ సవరణలు రెండూ 1992లోనే అయినయ్. పట్నాల కోసం రాసిన పన్నెండో షెడ్యూల్‌లో పార్కులు, తోటలు, ఆట మైదానాలు అని పేరు పెట్టి రాసిన్రు. పల్లెల కోసం రాసిన పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాలున్నయ్ గాని పార్కు అనే మాట, ఆట మైదానం అనే మాట లేవు. పల్లెల పిల్లలు పొలాల పొంటి ఆడుకుంటరులే అనుకున్నరేమో! పొలం ఉన్నోని పిల్లలు ఆడుకుంటరు. పొలం లేనోని పిల్లలు ఎవరి గట్టు మీద ఆడుకోవాలె?

అన్నిటికన్న పెద్ద సంగతి జాగ ఎంపిక. సర్కారుకు ఎప్పుడు జాగ కావాల్సి వచ్చినా అధికారి చూపు మన లావణి పట్టా మీదనే పడ్తది. పటేలు ఆక్రమించిన శిఖం భూమి, సర్కారు భూమి మీద పడదు. 2020 జూలైలో సిద్దిపేట జిల్లా వేలూరులో రైతు వేదిక కోసం భూమి పోతున్నదని ఒక దళిత రైతు ప్రాణం తీసుకున్నడు. రైతుల కోసం కట్టే వేదిక ఒక రైతును మింగింది. రేపు పిల్లల పార్కు పేరు మీద పిల్లల బువ్వ గుంజుకుంటే ఊకుందామా? అసైన్డు భూమి తీసుకున్నా పట్టా భూమికి ఇచ్చినట్టే పూర్తి పరిహారం ఇయ్యాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఈ సంగతి ప్రతి కార్యకర్తకు నోటికి రావాలె. మా మాట ఒక్కటే: పార్కు కావాలె, మా చెల్క మీద మాత్రం వద్దు.

పైసలు యాడికెల్లి వస్తయ్ అంటరా? మన కాళ్ళ కిందికెల్లి వస్తయ్. వంద రూపాయల ధర పలికే బొగ్గు మీద సర్కారుకు 14 రూపాయల రాయల్టీ. పాత లీజు గనులైతే ఆ రాయల్టీలో 30 శాతం, అంటే 4 రూపాయల 20 పైసలు, జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులో పడాలె. 2015లో చేసిన చట్ట సవరణ ఇది. సున్నపురాయి గని కూడా ఈ ట్రస్టుకు కట్టాల్సిందే. ఈ పైసలు గనుల వల్ల దెబ్బతిన్న జనం కోసం. గని నుంచి 15 కిలోమీటర్ల లోపలి ఊర్లను నేరుగా దెబ్బతిన్నవిగా చూడాలని, 70 శాతం నిధులు అక్కడనే పెట్టాలని 2024 నాటి మార్గదర్శకాలు చెప్తున్నయ్. చదువు పద్దు కింద ఆటల వసతులకూ పెట్టొచ్చు. ఇగ 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద పెట్టాలె. గ్రామీణ ఆటల శిక్షణ, గ్రామాభివృద్ధి ఆ జాబితాలో ఉన్నయ్. కంపెనీ ఇచ్చేది దానం కాదు, చట్టం చెప్పిన బాకీ. దండలేసి, ఫొటోలు దిగి దండం పెట్టే అవసరం మనకు లేదు.

ఒక జాగ్రత్త. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద వచ్చే పైసలు మన జనాభా వాటా. ఊరందరి పార్కు కట్టి దాని ఖర్చు మన నిధిలో రాస్తమంటే ఒప్పుకోవద్దు. ఊరందరి పార్కుకు ఊరందరి పైసలు పెట్టాలె.

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు అయినయ్. ఓట్లప్పుడు వాడకు వచ్చినోళ్ళను ఇప్పుడు వాడకు పిలవండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలె. గ్రామసభకు ఒక్కరు పోతే బెదిరిస్తరు, వాడంతా పోతే వింటరు. సంతకాలు పెట్టే ముందు తీర్మానం చదివించుకోండి. ఈ కింది డిమాండ్లు రాయించండి:

1. ఆట జాగ వాడ పిల్లలు భయం లేకుండ నడిచిపోయే దూరంలో ఉండాలె. బొందలగడ్డ అంచున, చెత్త కుప్ప పక్కన వద్దు.

2. లావణి పట్టాలు ముట్టొద్దు. ముందు ఆక్రమణలో ఉన్న సర్కారు భూములు సర్వే చేసి విడిపించాలె.

3. ఆడపిల్లలకు లైట్లు, మరుగుదొడ్డి, మంచినీళ్ళు ఉండాలె. ముసలోళ్ళకు నీడ, కూసునే గద్దెలు ఉండాలె.

4. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికి ఆట స్థలం ఉండాలె. బడి జాగలను ఇంకో భవనానికి ఇయ్యొద్దు. సెలవుల్లో పిల్లలకు తెరిచి పెట్టాలె.

5. అంచనా, మంజూరు, కాంట్రాక్టరు, బిల్లు వివరాలు పని జాగ కాడ బోర్డు మీద రాయాలె. కట్టిన నాడే కాపాడే పైసలు కూడా పంచాయతీ పద్దులో పెట్టాలె.

6. కాపలా, గడ్డి పీకుడు కూలికి ఇయ్యాలె. వెట్టిగా మాదిగోళ్ళకు, మాలోళ్ళకు అప్పజెప్పితే ఊకోం.

లెక్కలు చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి. పంచాయతీ కాడ దరఖాస్తుకు రుసుం లేదు. అంచనా కాపీ, ఎంబీ కాపీ అడగండి. ఎంబీ అంటే ఇంజనీరు పనిని కొలిచి రాసే పుస్తకం. పది ట్రాక్టర్ల మొరం అని అందులో రాసి నాలుగు పోస్తే, బడికి పోయే మన పిల్లలే లెక్క తేలుస్తరు. పదో తరగతి పోరలకు కొలతలు నేర్పింది ఇందుకే గదా.

కట్టినంక అసలు పని మొదలైతది. మొదటి రోజే మన ఆడపిల్లలు, మొగపిల్లలు, తల్లులు, ముసలోళ్ళు అందరూ కలిసి పోవాలె, కూసోవాలె, ఆడాలె. ఎవడన్న "మీకు ఇక్కడేం పని" అంటే చట్టం పేరు చెప్పాలె, ఠాణాల ఫిర్యాదు రాయాలె. వాడని హక్కుకు తుప్పు పడ్తది. మహద్‌లో మనవాళ్ళు నీళ్ళు తాగింది దాహానికే కాదు గదా!

జై భీమ్!