సంధిలో పోయిన బొమ్మ

దూరదర్శన్ రోజుల్లో బొమ్మ పోతే ఇంటిల్లిపాదికీ పని దొరికేది. ఒకరు మిద్దె ఎక్కి ఆంటెన్నా తిప్పేవారు. ఒకరు వాకిట్లో నిలబడి కబురు మోసేవారు. మూడోవారు తెర ముందు కూర్చుని "వచ్చింది, వచ్చింది, అయ్యో, మళ్లీ పోయింది!" అని కేకలు వేసేవారు. ఎటొచ్చీ ఆ బొమ్మకు ఒక మర్యాద ఉండేది. పోయే ముందు చెప్పి పోయేది. మొదట చుక్కలు పడేవి, తరువాత ఒక్కొక్క మనిషి ఇద్దరుగా కనిపించేవాడు, ఆ పైన అందరూ వంకరలు తిరిగేవారు. జబ్బు ముదురుతున్న సంగతి చూస్తూ ఉండగానే తెలిసేది.

ఇప్పటి బొమ్మకు ఆ మర్యాద లేదు. ఉన్నంతసేపూ అద్దంలా ఉంటుంది. మహా అయితే ఒకటి రెండుసార్లు రెప్ప వాల్చినట్టు ఆరి వెలుగుతుంది. ఆ తరువాత నల్లటి తెర, దాని మీద "సిగ్నల్ లేదు" అన్న రెండు మాటలు. ఎందుకు లేదో, ఎక్కడ ఆగిపోయిందో ఆ తెర చెప్పదు. అది చెప్పదు గనక మనమే ఎవరో ఒకరి మీద నేరం మోపుతాం. ఇంట్లో అందరికంటే చిన్నవాడు, అందులోనూ ఆటలాడేవాడు ఎవడైతే వాడే దొరుకుతాడు. "రాత్రింబవళ్లు ఆ ఆటలాడి టి.వి. తగలేశాడు!" అన్నమాట ఈమధ్య చాలా ఇళ్లల్లో వింటున్నాను. అంచేత ఈ వారం ఆ రెండు మాటల సంగతి కాస్త విచారిద్దాం.

తెలుగు మేష్టరుకు ఈ వైర్ల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. చిత్రమేమిటంటే, ఇది అచ్చంగా మా వ్యాకరణం గొడవే. సంధి జరిగిన చోట అక్షరం మాయమైతే, తప్పు పూర్వపదానిదీ కాదు, పరపదానిదీ కాదు. రెండూ విడివిడిగా శుభ్రంగానే ఉంటాయి. కలిసినచోట ఏదో జరిగింది. విడదీసి చూస్తేనే గాని తెలియదు.

ఇక్కడ పదాలు మూడు. మొదటిది ఆటల పెట్టె, అనగా ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి కన్సోలు. రెండవది ఎ.వి. రిసీవరు. ఇది కన్సోలు పంపినదాన్ని అందుకుని, మాటా పాటా తన స్పీకర్లకు ఇచ్చి, బొమ్మను ముందుకు సాగనంపుతుంది. మూడవది టి.వి. ఈ మూడింటి మధ్య రెండు కేబుళ్లు. వాటినే హెచ్.డి.ఎం.ఐ. కేబుళ్లంటారు. ఈ పద్ధతి 2002 చివర వచ్చింది. మామూలు ప్లగ్గులో 19 పిన్నులుంటాయి. మూడు పదాలు, రెండు సంధులు. బొమ్మ ఈ అయిదింటిలో ఎక్కడైనా ఆగవచ్చు.

కేబులు తగిలించగానే బొమ్మ నీళ్లలా అటు పారుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ముందు మాటలు జరగాలి. కన్సోలు ఒక పిన్ను మీద అయిదు వోల్టుల విద్యుత్తు పంపి "అటువైపు ఎవరైనా ఉన్నారా?" అని తలుపు తడుతుంది. టి.వి. మరొక పిన్ను ద్వారా "ఉన్నాను" అంటుంది. అప్పుడు కన్సోలు దాని జాతకం అడుగుతుంది. ఎంత పెద్ద బొమ్మ చూపగలదు, సెకనుకు ఎన్నిసార్లు మార్చగలదు, ఏయే రంగులు పలకగలదు, ఇవన్నీ ఆ జాతకంలో ఉంటాయి. సాంకేతికులు దాన్ని ఇ.డి.ఐ.డి. అంటారు. ఆ పైన గుర్తుమాట. సినిమాలు దొంగతనంగా నకలు తీయకుండా కట్టిన తాళం ఒకటుంది, దాని పేరు హెచ్.డి.సి.పి. తాళంచెవులు రెండువైపులా కుదిరితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇంత తతంగమూ కనురెప్పపాటులో జరిగిపోతుంది గనక మనకు తెలియదు.

మధ్యలో రిసీవరు ఉంటే ఈ తతంగం రెండుసార్లు జరగాలి. అది మన పెళ్లిళ్ల పేరయ్య వంటిది. అమ్మాయివారితో ఒకసారి, అబ్బాయివారితో ఒకసారి మాట్లాడి, ఇటు సంగతి అటు, అటు సంగతి ఇటు చేరవెయ్యాలి. టి.వి. జాతకాన్ని తన జాతకంతో కలిపి కన్సోలుకు చెప్పాలి. పేరయ్య నిద్ర లేవకముందే ఇరుపక్షాలవారూ వచ్చి కూర్చుంటే సంబంధం తప్పిపోతుంది. కొన్ని ఇళ్లల్లో ఏ యంత్రం ముందు వేశామన్న దాన్నిబట్టి బొమ్మ రావడం, రాకపోవడం ఇందుకే. ముందు టి.వి., తరువాత రిసీవరు, చివర కన్సోలు వేసి చూడండి. అదీ కాకపోతే మూడింటి ప్లగ్గులూ గోడ నుంచి ఊడదీసి, కొద్ది నిమిషాలు ఆగి, మళ్లీ అదే వరుసలో పెట్టండి. రిమోటుతో ఆర్పితే ఈ యంత్రాలు నిద్రపోతాయే గాని పాత మాటలు మరిచిపోవు. ప్లగ్గు తీస్తేనే మరిచిపోయి, మళ్లీ కొత్తగా పరిచయం చేసుకుంటాయి.

మాటలు కుదిరాయనుకోండి. ఇక మొయ్యడం సంగతి. మునుపటి పూర్తి హెచ్.డి. బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080, వెరసి 20,73,600 చుక్కలు. నేటి 4కె బొమ్మలో 82,94,400. సరిగ్గా నాలుగు రెట్లు. ఆటల్లో ఈ చుక్కలన్నీ సెకనుకు 60 సార్లు మారాలి, కొత్త కన్సోళ్లలో కొన్ని ఆటలకు 120 సార్లు. ఈ బరువుకు తగ్గట్టు హెచ్.డి.ఎం.ఐ. కూడా పెరుగుతూ వచ్చింది. 1.4 అన్నది సెకనుకు 1,020 కోట్ల బిట్లు మోసేది. 2013లో వచ్చిన 2.0 మోత 1,800 కోట్లు. 2017లో వచ్చిన 2.1 మోత 4,800 కోట్లు. ప్లగ్గు రూపం మాత్రం మారలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. పదేళ్లనాటి కేబులు ఈనాటి సాకెట్టులో చక్కగా పడుతుంది. పట్టినంత మాత్రాన మొయ్యగలదని కాదు గదా!

మా వీధిలో జరిగిన ఒక సంగతి మనవి చేస్తాను. తపాలా శాఖలో చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి ఇల్లది. పెద్దకొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి రిసీవరూ, స్పీకర్లూ పంపాడు. రెండోవాడు ఇంటర్మీడియెటు చదువుతున్నాడు. కన్సోలు వాడిది. రిసీవరు వచ్చిన వారానికల్లా ఆట మధ్యలో తెర నల్లబడడం మొదలుపెట్టింది. మరమ్మతు చేసే అతను వచ్చి, చూసి, టి.వి. ప్యానెలు పోయినట్టుందనీ, ఇరవై ఎనిమిది వేలవుతుందనీ చెప్పిపోయాడు. పెద్దాయన ఆ కోపంలో కన్సోలు తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. నెల రోజులుగా తండ్రీకొడుకుల మధ్య మాటలు లేవు.

"మాస్టారూ, టి.వి. కంటే ముందు వీడి చదువు పోతుంది. మీరైనా చెప్పండి" అన్నారాయన. చదువు సంగతి తరువాత చూద్దామని చెప్పి, కుర్రవాణ్ణి ఒకే ప్రశ్న అడిగాను. "బొమ్మ పోయినప్పుడు మాట వినబడుతోందా బాబూ?"

"వినబడుతోందండీ. కొత్త స్పీకర్లలోంచి వస్తూనే ఉంటుంది. ఆట కూడా ఆగదు."

సగం చిక్కు అక్కడే వీడిపోయింది. బొమ్మా మాటా ఒకే కేబులులో కలిసి వస్తాయి. మాట రిసీవరు దాకా చేరిందంటే కన్సోలు బాగుంది, మొదటి కేబులు బాగుంది. దొంగ రిసీవరు ఇవతల ఎక్కడో ఉన్నాడు.

బీరువా తాళం తీయించాను. ముందు టి.వి.లోనే ఉండే వీడియో యాపు పెట్టి ఒక సినిమా ఆడించాం. దానికి ఏ కేబులుతోనూ పని లేదు. బొమ్మ నిక్షేపంగా ఉంది. ప్యానెలు పోలేదన్నమాట. పెద్దాయన గొంతు సవరించుకున్నారు. తరువాత రిసీవరును పక్కకు తప్పించి, కన్సోలును దాని సొంత కేబులుతో తిన్నగా టి.వి.కి తగిలించాం. అరగంట ఆడినా రెప్ప వాల్చలేదు. మళ్లీ రిసీవరు మధ్యలో పెట్టి, కన్సోలు సెట్టింగుల్లో బొమ్మను 1080కి తగ్గించాం. నిలిచింది. 4కె చేశాం. రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. చిన్న బరువు మోస్తోంది, పెద్ద బరువు కింద పడుతోంది.

ఇక ఆఖరి పరీక్ష. రెండు కేబుళ్లనూ ఒకదాని చోట మరొకటి పెట్టాం. ఈసారి బొమ్మతోపాటు మాట కూడా తెగిపోయింది! అంటే తప్పు కేబులుతోపాటు నడిచి ఇటు నుంచి అటు వెళ్లింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తీరా చూస్తే అది ఎప్పుడో సెటప్ బాక్సుతో వచ్చిన కేబులు. బీరువా వెనక ఉందిగదా అని దాన్నే వాడారు. ఇరవై ఎనిమిది వేల జబ్బు కొన్ని వందల రూపాయలతో కుదిరింది.

ఆ పెద్దాయన కొడుకుతో క్షమాపణలేమీ చెప్పలేదు. మన ఇళ్లల్లో తండ్రులు చెప్పరు. "ఆ కొత్త కేబులేదో నువ్వే చూసి తీసుకురారా" అని డబ్బు చేతిలో పెట్టారు. నెల తరువాత వాళ్లిద్దరి మధ్య నడిచిన మొదటి మాట అది.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. పద్ధతి ఒక్కటే: ఒకసారికి ఒకే మార్పు. మూడు కేబుళ్లు పీకి, నాలుగు మీటలు నొక్కి, బొమ్మ రాగానే చేతులు దులుపుకుంటే, ఏది కుదిర్చిందో మనకు తెలియదు. రేపు మళ్లీ పోతుంది. కేబులు కొనేటప్పుడు కూడా పేరు చూసి కొనండి. 4కె 60కి "ప్రీమియం హై స్పీడ్" అన్న ధ్రువీకరణ ముద్ర చాలు. 120 కావాలంటే "అల్ట్రా హై స్పీడ్" ఉండాలి. బాగా పొడుగుపాటి కేబుళ్లలో కొన్నిటికి ఏ కొస ఎటు పెట్టాలో రాసి ఉంటుంది. తలకిందులు చేస్తే పనిచెయ్యవు. టి.వి. సెట్టింగుల్లో కూడా ఒక మెలిక ఉంది. చాలా టి.వి.లలో పెద్ద బొమ్మను అందుకోవడానికి ఆ సాకెట్టుకు విడిగా అనుమతి ఇవ్వాలి. ఎల్.జి.లో దాన్ని డీప్ కలర్ అనీ, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనీ అంటారు.

ఆట కనిపించి సినిమా యాపు దగ్గర మాత్రమే నల్లబడితే అది కేబులు తప్పు కాకపోవచ్చు. తాళం తప్పు అయి ఉండవచ్చు. 4కె సినిమాలు హెచ్.డి.సి.పి. 2.2 అడుగుతాయి. పాత రిసీవరుకు ఆ తాళం తెలియదు. ఇక బొమ్మ అసలు రాకపోతే సెట్టింగులు మార్చడం ఎలాగంటారా? ప్లేస్టేషన్ 5ను పూర్తిగా ఆర్పి, పవర్ మీట నొక్కి పట్టుకోండి. మొదట ఒక కూత, ఏడు సెకన్లకు మరొక కూత వినిపిస్తాయి. అప్పుడు వదిలితే సేఫ్ మోడ్ అనే చిన్న బొమ్మతో లేస్తుంది. చేతి కంట్రోలరును కేబులుతో తగిలించి, అక్కడ వీడియో అవుట్‌పుట్ మార్చుకోవచ్చు.

అలాగని యంత్రాలన్నీ నిర్దోషులని నేననడం లేదు. 2020 అక్టోబరులో జర్మనీలో హైజే వారి కంప్యూటర్ పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. డెనాన్, మరాంట్జ్, యమహా వారి కొత్త రిసీవర్లు కొన్నిటిలో హెచ్.డి.ఎం.ఐ. 2.1 చిప్పుకే లోపముందనీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వంటి వాటి నుంచి 4కె 120 బొమ్మ వస్తే తెర నల్లబడుతోందనీ తేల్చింది. అక్కడ ఎన్ని కేబుళ్లు మార్చినా లాభం లేదు. తరువాత 2021లో డెనాన్, మరాంట్జ్‌ల యజమాని సంస్థ కొనుగోలుదారులకు ఉచితంగా ఒక అడాప్టరు పెట్టె ఇచ్చింది. యమహా వారు లోపలి బోర్డు మార్చి ఇచ్చే ఏర్పాటు ప్రకటించారు. ఆ లోగా జనం కనుక్కున్న ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది. కన్సోలును తిన్నగా టి.వి.కే తగిలించి, టి.వి. నుంచి మాటను మాత్రం వెనక్కు రిసీవరుకు పంపాలి. ఇ-ఆర్క్ అని రాసి ఉన్న సాకెట్టు అందుకే ఉంది. పేరయ్య నడపలేని సంబంధానికి పేరయ్యను తప్పించడమే మందు.

కాబట్టి "సిగ్నల్ లేదు" అన్నది తీర్పు కాదు, ఫిర్యాదు మాత్రమే. విచారణ ఇంకా జరగాలి. ప్యానెలు మార్చమని ఎవరైనా అంటే, ముందు ఆ టి.వి.లో సొంత యాపు ఆడించి చూపమనండి. రిసీవరు పోయిందంటే, దాన్ని పక్కన పెట్టి చూపమనండి. మరి పిల్లవాడి వల్లనే పోయిందని మీకే అనిపిస్తే? వాణ్ణి అనేముందు బీరువా వెనక్కి ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.