తీగ తెగిన చోట రైలును ఏది లాగాలి?

సోలాపూర్ మీదుగా హైదరాబాద్–ముంబై రైళ్లలో తిరిగిన పాతతరం మనవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. పుణె–ముంబై మధ్య కరెంటు తీగ 1930 ప్రాంతానికే పడింది. సోలాపూర్ వైపు మాత్రం మొన్నమొన్నటి దాకా డీజిలే. కాబట్టి పుణెలో ఆగి ఇంజను మార్చుకోవాలి. లేదంటే నెత్తిన కరెంటు ఉన్నా డీజిల్ కాలుస్తూనే ముంబై చేరాలి. మొదటి దాంట్లో సమయం దండగ, రెండో దాంట్లో చమురు దండగ.

ఈ రెండు దండగలనూ తప్పించేదే జంట ఇంజను. తీగ ఉన్న చోట కరెంటుతో, లేని చోట డీజిల్‌తో నడుస్తుంది. వినడానికి వింతగా ఉన్నా, మన పెద్ద రైళ్లను లాగే డీజిల్ ఇంజను కూడా నిజానికి కరెంటు ఇంజనే. డీజిల్ యంత్రం ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది, అందులో పుట్టిన కరెంటు చక్రాల దగ్గరి మోటార్లకు వెళ్తుంది. ఆ కరెంటును పై తీగ నుంచి కూడా తీసుకునే ఏర్పాటు చేస్తే సరి. చిక్కల్లా బరువుతోనే. డీజిల్ యంత్రం, చమురు ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్ మూడూ ఒకే పెట్టెలో ఇమడాలి, ఆ భారాన్ని పట్టాలు మోయాలి.

వారణాసిలోని బనారస్ లోకోమోటివ్ వర్క్స్ ఇలాంటి ఇంజను తయారుచేసింది కూడా. పేరు డబ్ల్యూడీఏపీ-5. కరెంటు మీద 5,000 హార్స్‌పవర్, డీజిల్ మీద 4,500. అయినా అది నమూనాగానే మిగిలింది. కారణం సులువే. ఇంజను మార్చే బదులు రైల్వే దారినే మార్చేసింది. బ్రాడ్‌గేజ్‌లో విద్యుదీకరణ ఇప్పుడు 99 శాతం దాటింది. 2018లో ఇదే వారణాసి కర్మాగారం పాత డీజిల్ ఇంజన్లను కరెంటు ఇంజన్లుగా మార్చి చూపింది. అంతా తీగే అయినప్పుడు రెండు ప్రాణాల ఇంజనెందుకు అన్నది రైల్వే వాదన. దూరప్రయాణపు రైళ్ల వరకు ఆ వాదన సబబే.

అయితే తీగ ఎప్పుడూ ఉంటుందా? 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గర తీరం దాటింది. పూరీ స్టేషన్ దారుణంగా దెబ్బతింది. అలాంటి గాలికి స్తంభాలు ఒరిగి తీగలు తెగితే ఎంత శక్తిగల కరెంటు ఇంజనైనా ఉన్నచోటే నిలబడిపోతుంది. బరంపురం, పూరీ మనవాళ్లకూ, కాకినాడకు వచ్చి రైలెక్కే యానాం వాళ్లకూ ఇది ఏటా అక్టోబరు, నవంబరుల్లో ఉండే భయమే. ఇక గూడ్స్ సంగతి. బొగ్గు, ఖనిజం పైనుంచి పోసే చోట, క్రేన్లు కంటైనర్లు ఎత్తే చోట తీగ వేయడం కుదరదు. అక్కడికి వేరే డీజిల్ ఇంజను రావాలి, అది వచ్చేదాకా రేక్ పడి ఉండాలి.

బ్రిటన్ ఈ పని వేరుగా చేసింది. 1962 నుంచి అక్కడ నడిచిన క్లాస్ 73 ఇంజనుకు కరెంటు మీద 1,600 హార్స్‌పవర్ ఉంటే, డీజిల్ మీద 600 మాత్రమే. 2017లో పనిలోకి దిగిన క్లాస్ 88కి కరెంటు మీద 4,000 కిలోవాట్లు, డీజిల్ మీద 700. పరుగుకు కరెంటు, చివరి రెండు మూడు కిలోమీటర్లకు చిన్న డీజిల్. బరువు గొడవ కూడా అక్కడే చాలావరకు తగ్గింది. మన నమూనాలో రెంటికీ దాదాపు సమాన బలం ఇచ్చారు. నా లెక్కలో మనకు కావలసింది అది కాదు. చిన్న డీజిల్ బండిని పరిగెత్తించలేకపోవచ్చు గానీ, మధ్యలో చిక్కుకున్న ప్రయాణికులను నెమ్మదిగానైనా పక్క స్టేషన్‌కు చేరుస్తుంది.

విపత్తుల కోసం కొన్ని డీజిల్ ఇంజన్లను అట్టేపెడతామని రైల్వే చెబుతోంది. మంచిదే. కానీ వాడకం తగ్గిన కొద్దీ వాటి షెడ్లూ, బాగుచేసే చేతులూ తగ్గుతాయి. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఆ ఇంజను బరంపురం దగ్గర ఉందా, వందల కిలోమీటర్ల అవతల షెడ్డులో ఉందా అన్నదే లెక్కకొస్తుంది.