సాగునేల: రెండు దేశాల లెక్కలు

భారతదేశం 1947లో స్వతంత్రమైనప్పుడు, చైనాలో 1949లో ప్రజా రిపబ్లిక్కు ఏర్పడినప్పుడు రెండింటి ముందు నిలిచిన సమస్య ఒక్కటే: ఉన్న నేలతో ఇన్ని కోట్లమందికి తిండి పెట్టుట ఎట్లు? ఏడు దశాబ్దాలు గడిచిన పిమ్మట ఆ నేల ఏమైనదో పరిశీలించుట రైల్వే, తపాలా ఉద్యోగులకు అవసరమని మేము భావిస్తున్నాము. మనలో చాలామంది ఆ నేలను విడిచి వచ్చిన కుటుంబాలవారమే.

1950-51లో మన నికర సాగు విస్తీర్ణం సుమారు 11.9 కోట్ల హెక్టార్లు. బీళ్లు, బంజర్లు దున్నగా 1970-71 నాటికి అది 14 కోట్లకు చేరినది. అప్పటినుండి ఇంచుమించు అక్కడనే నిలిచియున్నది. వ్యవసాయేతర అవసరాలకు పోయిన భూమి మాత్రం ఇదే కాలంలో 94 లక్షల హెక్టార్ల నుండి రెండున్నర కోట్లు దాటినది. పశువుల మేతబీళ్లు 1970-71 తరువాత తగ్గుతూ వచ్చినవి. ఎవరి పేర పట్టా లేని నేలకు అడ్డుపడేవాడు ఉండడు గదా!

చైనాలో 2009 సర్వే సుమారు 13.5 కోట్ల హెక్టార్ల సాగుభూమిని చూపగా, 2019 సర్వేలో 12.8 కోట్లే తేలినది. అధిక భాగం అడవుల పెంపకానికి, పండ్లతోటలకు మారినదని ఆ ప్రభుత్వం చెప్పినది. 12 కోట్ల హెక్టార్లకు దిగువకు పోరాదని 2006లోనే అది ఒక గీత గీసియున్నది. మన దేశంలో అటువంటి జాతీయ హద్దు లేదు. అయితే ఆ గీత అంకెను కాపాడినంతగా మడిని కాపాడలేదు. నగరం ప్రక్కన మాగాణి పోయినచో, మరెక్కడో మెట్టనేల దున్ని లెక్క సరిచేయవచ్చును. నేడు చైనా సాగుభూమిలో 64 శాతం ఉత్తరాదిన ఉన్నది. నీరు ఉన్నది దక్షిణాదిన. అందుచేత కాలువలలో నీరు ఉత్తరానికి, బండ్లలో ధాన్యం దక్షిణానికి ప్రయాణం చేస్తున్నవి.

మన గూడ్సు బండ్ల సంగతి ఇందుకు భిన్నమా? పంజాబులో 1960-61లో 2.27 లక్షల హెక్టార్లలో ఉన్న వరి నేడు 30 లక్షలు దాటినది. దిగువకు పోతున్న ఆ బోరుబావుల నీటినే బియ్యపు బస్తాలలో దేశమంతటికీ మన సోదరులు చేరవేస్తున్నారు.

విస్తీర్ణం కదలకున్నను నేలమీది మనిషి స్థితి మారినది. 1951 జనాభా లెక్కలలో సాగుదారులు 6.99 కోట్లు, వ్యవసాయ కూలీలు 2.73 కోట్లు. 2011లో సాగుదారులు 11.88 కోట్లు కాగా, కూలీలు 14.43 కోట్లు! సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు; 2015-16లో 1.08. చైనాలో గ్రామభూమి సామూహిక ఆస్తి. రైతు దానిని అమ్ముకొనలేడు. పట్టణంలో పని పోయినవానికి ఊరిలో ఒక చెక్క మిగులుతున్నది. కాని అధికారులే దానిని బేరం పెట్టినప్పుడు అతనికి దిక్కేది? 2011లో గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సులోని వూకాన్ గ్రామం ఈ ప్రశ్నతోనే తిరగబడినది.

మన 2013 భూసేకరణ చట్టం, నీటివసతితో రెండు మూడు పంటలు పండే భూమిని అసాధారణ పరిస్థితులలో, గత్యంతరం లేనప్పుడు తప్ప సేకరించరాదన్నది. వెంటనే రైల్వేలు, రహదారులు, కాలువలు, విద్యుత్ లైన్లకు మినహాయింపు ఇచ్చినది. అనగా మాగాణి గుండా మన పట్టాలు పోవుటకు ఆ అడ్డు వర్తించదు. కొత్త మార్గాలను మేము వ్యతిరేకించడం లేదు. అవి మన ఉపాధి. కాని రైల్వేల చేతిలో ఇప్పటికే 4.8 లక్షలకు పైగా హెక్టార్లున్నవి. ప్రజావసరం పేర సమకూర్చిన భూమిలో మిగులును వర్తక భవనాలకు కౌలుకిచ్చుటకు 2006లో ప్రత్యేక సంస్థనే నెలకొల్పినారు. ఒకచేత మాగాణిని తీసుకొనుచు, వేరొకచేత పాత భూమిని బేరం పెట్టుట మాకు సమ్మతం కాదు. ప్రతి డివిజనులో వాడుకలో ఉన్న భూమి ఎంతో, ఖాళీగా ఉన్నది ఎంతో, ఎవరికి ఎంత కాలానికి కౌలుకిచ్చినారో ముందు ప్రకటించవలెను. ఆ జాబితా బయటకు వచ్చిన తరువాతనే కొత్త సేకరణ ప్రకటనలు వెలువడవలెనని మేము కోరుతున్నాము.